ఇంగ్లండ్‌లో ఎన్నికైన పోలీస్ కమిషనర్: ఆ పదవికి దారేది, చేతిలో ఉండే అధికారమెంత, ఎక్కడ దెబ్బతింటారు

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో స్థిరపడి కౌన్సిలర్‌గా గెలిచిన మీ తమ్ముడు పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్ కావాలనుకుంటున్నాడు. ఆ పదవికి ఎలా వెళ్తారు, వెళ్ళాక పోలీసుల మీద నిజంగా పట్టు ఉంటుందా, రాజకీయంగా ఎదగడానికి పనికొస్తుందా?

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ పదవిని 2028 మేలో ప్రస్తుత పదవీకాలం ముగియగానే ఎత్తేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. మేయర్లు ఉన్నచోట ఆ పని మేయర్లకు వెళ్తుంది. లేనిచోట కౌన్సిళ్ళ నాయకులతో ఒక బోర్డు వేస్తామంటున్నారు. అంటే మీ తమ్ముడు ఈ పేరున్న కుర్చీ కోసం కాకుండా ఈ పని కోసం సిద్ధపడాలి. పని ఎక్కడికీ పోదు. డబ్బు ఎంత వసూలు చేయాలి, పోలీసు అధిపతిగా ఎవరిని పెట్టాలి, వాళ్ళను ఎవరు ప్రశ్నించాలి అన్నవి ఎవరో ఒకరు చేయాల్సినవే. అందుకే పదవి ఇన్నేళ్ళూ ఎలా నడిచిందో తెలుసుకోవడం ఇప్పుడూ ఉపయోగమే.

హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌ను దృష్టిలో పెట్టుకుని దీన్ని చూస్తే అంతా తారుమారవుతుంది. మన దగ్గర కమిషనర్ ఐపీఎస్ అధికారి, ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడి కమిషనర్ ప్రజలు ఓటేసి గెలిపించిన రాజకీయ నాయకుడు, యూనిఫాం ఉండదు. బలగాన్ని నడిపేది చీఫ్ కానిస్టేబుల్. పేరులో కానిస్టేబుల్ అని ఉన్నా ఆ ప్రాంతానికి ఆయనే అత్యున్నత పోలీసు అధికారి. 2011 చట్టం ఈ ఇద్దరినీ రెండు వేర్వేరు చట్టబద్ధ సంస్థలుగా నిలబెట్టింది. ఫలానావాణ్ణి అరెస్టు చేయమనీ, ఫలానా కేసు వదిలేయమనీ, ఫలానా వీధికి రెండు బళ్ళు పంపమనీ కమిషనర్ ఆదేశించలేడు. ఇది మర్యాద కోసం పాటించే ఆనవాయితీ కాదు, పార్లమెంటు ముందు పెట్టిన ప్రోటోకాల్‌లో రాసి ఉన్న హద్దు.

2012కు ముందు ప్రతి ప్రాంతానికీ పోలీస్ అథారిటీ ఉండేది, సాధారణంగా 17 మంది సభ్యులు, కౌన్సిలర్లూ స్వతంత్రులూ కలిపి. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవన్న ఫిర్యాదుతోనే ఒక్క మనిషిని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 2012 నవంబరు 15న ఇంగ్లండ్, వేల్స్‌లలో 41 చోట్ల తొలి ఎన్నికలు జరిగాయి. చలికాలం, పక్కన వేరే పెద్ద ఎన్నిక ఏదీ లేదు. పోలింగ్ సుమారు 15 శాతం. వేల్స్‌లో న్యూపోర్ట్ నగరంలోని బెట్టస్ అనే పేటలో ఒక పోలింగ్ కేంద్రానికి రోజంతా ఒక్క ఓటరూ రాలేదు. ఈ పదవి ఆ తొలిరోజు మచ్చను చివరిదాకా మోసింది. తర్వాత 2016, 2021, 2024 మే నెలల్లో స్థానిక ఎన్నికలతో కలిపి పెట్టాక పోలింగ్ కొంత పెరిగింది కానీ సగానికి దరిదాపుల్లోకి ఎన్నడూ రాలేదు.

ఇక అర్హతలు. 18 ఏళ్ళు నిండాలి, ఆ పోలీసు ప్రాంతంలో ఓటరుగా నమోదై ఉండాలి. బ్రిటిష్ పౌరసత్వమే ఉండాలని లేదు. కామన్‌వెల్త్ దేశాల పౌరులూ నిలబడవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఓటు వేయడానికి చెల్లుబాటయ్యే వీసా చాలు. పోటీ చేయాలంటే మాత్రం శాశ్వత నివాస అనుమతి ఉండాలి. కౌన్సిలర్‌గా ఉండటం అడ్డు కాదు. ఆ ప్రాంతంలోని కౌన్సిల్‌లో ఉద్యోగిగా ఉండటం అడ్డు. పోలీసులు, పోలీసు సిబ్బంది, ప్రభుత్వోద్యోగులు, న్యాయమూర్తులు, సైన్యంలో ఉన్నవాళ్ళు పోటీ చేయలేరు.

అందరూ బోల్తా పడేది నేర చరిత్ర నిబంధన దగ్గర. ఎంపీకి లేనంత కఠినమైన షరతు ఇక్కడ ఉంది. జైలుశిక్షకు వీలున్న నేరంలో ఎప్పుడైనా దోషిగా తేలి ఉంటే చాలు, జైలుకు వెళ్ళకపోయినా, కేవలం జరిమానాతో పోయినా, ఎన్ని దశాబ్దాలు గడిచినా అనర్హులే. 2012లో ఒక అభ్యర్థి 13 ఏళ్ళ వయసులో కట్టిన చిన్న జరిమానా వల్ల తప్పుకోవాల్సి వచ్చింది. 2021లో విల్ట్‌షైర్‌లో ఇంకా ఘోరం. జోనథన్ సీడ్ అనే కన్సర్వేటివ్ అభ్యర్థి ఎన్నోఏళ్ళ క్రితం తాగి కారు నడిపిన కేసులో దోషి. ఆ విషయం పోలింగ్ అయ్యాక, లెక్కింపుకు ముందు బయటపడింది. ఓట్లు ఆయనకే ఎక్కువ వచ్చాయి, పదవి మాత్రం చేపట్టలేకపోయారు. ఆగస్టులో మళ్ళీ ఎన్నిక పెట్టారు, ఆ ఖర్చంతా ప్రజల మీదే పడింది. పార్టీలు అభ్యర్థిని ‘ఏమైనా కేసులున్నాయా’ అని అడిగి ఊరుకుంటాయి. ‘కేసు’ అనగానే జైలు గుర్తొస్తుంది కాబట్టి పాత డ్రైవింగ్ జరిమానా ఎవరికీ తట్టదు. నామినేషన్ ఆలోచన వచ్చిన రోజే కోర్టు తీర్పు ఏదైనా ఉందేమో చూసుకుని, ఆ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏమిటో న్యాయవాదికి చూపించుకోవాలి.

నామినేషన్‌కు 100 మంది ఓటర్ల సంతకాలు, 5,000 పౌండ్ల డిపాజిట్ కావాలి. చెల్లిన ఓట్లలో 5 శాతం దాటితేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. సంతకాలు నూటికి నూరే తీసుకెళ్ళడం ప్రమాదం. ఓటరు జాబితాలో పేరు ఒకలా, సంతకంలో మరోలా ఉంటే కొట్టేస్తారు. ముప్ఫై నలభై అదనంగా పెట్టుకోవాలి.

అసలు కష్టం ప్రచారం. ఎంపీ అభ్యర్థి కరపత్రాన్ని తపాలాశాఖ ఉచితంగా ఇంటింటికీ చేరుస్తుంది. ఈ ఎన్నికలో ఆ సౌకర్యం లేదు, అభ్యర్థుల వివరాలు ఒక వెబ్‌సైట్‌లో పెడతారంతే. థేమ్స్ వ్యాలీ లాంటి ప్రాంతంలో మూడు కౌంటీలు, 20 లక్షలకు పైగా జనం. సొంత డబ్బుతో ఇంటికో కాగితం పంపడం ఏ స్వతంత్ర అభ్యర్థికీ సాధ్యం కాదు. ఫలితాలు చూడండి: 2012లో 41 మందిలో 12 మంది స్వతంత్రులు గెలిచారు, 2016లో ముగ్గురే, 2021లోనూ 2024లోనూ ఒక్కరూ లేరు. పైగా 2022 చట్టంతో రెండో ప్రాధాన్య ఓటు తీసేశారు. అది ఎంత తేడా చేసేదో తెలియాలంటే 2012లో హంబర్‌సైడ్ చూడాలి. మాజీ ఉపప్రధాని జాన్ ప్రెస్కాట్ మొదటి ప్రాధాన్యంలో ముందున్నారు. రెండో ప్రాధాన్యాలు కలిపాక మాథ్యూ గ్రోవ్ అనే స్థానిక కౌన్సిలర్ గెలిచారు. ఇప్పుడు ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళదే గెలుపు కాబట్టి పార్టీ టికెట్ లేకుండా ఈ దారిలో దిగమని ఎవరికీ సలహా ఇవ్వను.

గెలిచిన వారం తర్వాత బాధ్యతలు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పోలీస్ అండ్ క్రైమ్ ప్లాన్ ప్రకటించాలి. కొత్తవాళ్ళు మేనిఫెస్టో మొత్తాన్నీ అందులో దించుతారు: పదిహేను ప్రాధాన్యాలు, అందరికీ అన్నీ. చీఫ్ కానిస్టేబుల్‌కు ఇంతకంటే హాయి లేదు. అన్నీ ప్రాధాన్యాలే అయినప్పుడు దేనిలో వెనకబడినా మరో దాన్ని చూపించి తప్పించుకోవచ్చు. నాలుగైదుకు మించకుండా, ప్రతిదానికీ ఏ అంకె చూసి కొలుస్తామో రాసిన ప్లానే పనికొచ్చే ప్లాన్.

అంకెలు అడగడంలోనే ఈ పదవికి అసలు నైపుణ్యం ఉంది. ఉదాహరణకు 101 నంబర్ తీసుకుందాం, అత్యవసరం కాని ఫిర్యాదులకు అది. ‘సగటున మూడు నిమిషాల్లో ఎత్తుతున్నాం’ అని నివేదికలో వస్తుంది. మధ్యాహ్నం వెంటనే ఎత్తి, శుక్రవారం రాత్రి నలభై నిమిషాలు ఆపినా సగటు అందంగానే కనబడుతుంది. అడగాల్సింది: ప్రతి పది కాల్స్‌లో అతి ఎక్కువ ఆగిన ఒక్కరు ఎంతసేపు ఆగారు, విసిగి పెట్టేసినవాళ్ళు ఎంతమంది, ఏ రోజు, ఏ గంటలో. కేసుల విషయంలోనూ అంతే. అక్కడ ప్రతి కేసూ ఎలా ముగిసిందో చెప్పే ఒక నంబరు వేస్తారు. 18 అంటే నిందితుడెవరో తేలలేదు. 16 అంటే నిందితుడు తెలుసు, బాధితులే ముందుకు రావడం లేదు. గృహహింస కేసుల్లో 16 పెరుగుతుంటే ‘బాధితులు సహకరించడం లేదు’ అన్న జవాబుతో ఆగకూడదు. ఫిర్యాదు చేసిన ఎన్నో రోజున వెనక్కి తగ్గారు, ఆలోపు ఎన్నిసార్లు మాట్లాడారు అని అడగాలి. మొదటి ఫోనుకూ రెండో ఫోనుకూ మధ్య మూడు వారాల ఖాళీ బయటపడితే లోపం ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదేశించే హక్కు లేని మనిషి బలగాన్ని కదిలించగలిగేది ఇలాంటి ప్రశ్నతోనే, అదీ బహిరంగ సమావేశంలో, మినిట్స్‌లోకి ఎక్కేలా.

ఇక డబ్బు. ఇళ్ళ మీద వేసే స్థానిక పన్ను కౌన్సిల్ ట్యాక్స్. ఆ బిల్లులో పోలీసులకంటూ ఒక పద్దు ఉంటుంది, దాన్ని ప్రిసెప్ట్ అంటారు. అదెంతో నిర్ణయించేది కమిషనరే. కేంద్ర గ్రాంటు ఎంతో డిసెంబరు మధ్యలో తెలుస్తుంది. ఫిబ్రవరి 1 లోపు ప్రిసెప్ట్ ప్రతిపాదన ప్యానెల్‌కు ఇవ్వాలి. ప్యానెల్ అంటే ఆ ప్రాంతపు కౌన్సిలర్లు కనీసం పదిమంది, ఇద్దరు స్వతంత్ర సభ్యులు. వాళ్ళు 8వ తేదీలోపు పరిశీలించాలి. వీటో చేస్తే 15 లోపు సవరించి ఇవ్వాలి. వీటోకు హాజరైనవాళ్ళలో కాదు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి. పన్నెండు మంది ప్యానెల్లో ఎనిమిది మంది. అదీ ఒక్కసారే, సవరించిన అంకెను నచ్చకపోయినా ఆపలేరు.

పెంపుకు ప్రభుత్వం ఏటా ఒక పరిమితి పెడుతుంది. 2025-26లో బ్యాండ్ డి ఇంటికి 14 పౌండ్లు. విలువను బట్టి ఇళ్ళను బ్యాండ్లుగా విడదీస్తారు, లెక్కలకు ప్రమాణంగా తీసుకునేది బ్యాండ్ డి. దాటాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 2015లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఆలీ మార్టిన్స్ ఆ సాహసం చేశారు, 15.8 శాతం పెంచుతాను, వందమంది పోలీసులను తెస్తాను అని. పదిమందిలో ఏడుగురు వద్దన్నారు. ఓటింగ్ మే నెలలో, బిల్లులు అప్పటికే పెంచిన రేటుతో వెళ్ళిపోయాయి, వాటిని మళ్ళీ సవరించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ కమిషనరూ ఆ జోలికి పోలేదు.

పరిమితిలోపు పెంచినా ఎందుకు సరిపోదో ఒక లెక్క చూద్దాం. అంకెలు ఊహకే. బ్యాండ్ డి లెక్కన 5 లక్షల ఇళ్ళున్న ప్రాంతంలో ఇంటికి 14 పౌండ్లు పెంచితే 70 లక్షల పౌండ్లు వస్తాయి. బలగం వార్షిక ఖర్చు 30 కోట్ల పౌండ్లు అనుకుంటే, జీతభత్యాలే అందులో ఐదింట నాలుగు వంతులు, 24 కోట్లు. జీతాలు 3 శాతం పెరిగితే పూర్తి ఏడాదికి 72 లక్షలు. వసూలు చేసిందంతా అక్కడికే పోయింది, ఇంకో రెండు లక్షలు లోటు. ఆ జీతాల పెంపు కమిషనర్ చేతిలో లేదు, జాతీయ స్థాయిలో నిర్ణయమవుతుంది, సెప్టెంబరు 1 నుంచి అమలు. ఫిబ్రవరిలో బడ్జెట్ వేసేటప్పుడు ఆ శాతం ఎంతో తెలియదు. పైగా ఆర్థిక సంవత్సరం మధ్యలో అమలవుతుంది కాబట్టి మొదటి ఏడాది ఏడు నెలల భారమే పడుతుంది, మిగతా ఐదు నెలలది మరుసటి ఏడాది ముందుకొస్తుంది. కొత్త కమిషనర్లు తరచూ మర్చిపోయేది ఈ రెండో ముక్కనే. ‘పన్ను పెంచారు, పోలీసు ఒక్కడూ పెరగలేదేం’ అని ఏ సభలోనైనా అడుగుతారు. ఈ లెక్క రెండు నిమిషాల్లో చెప్పలేని అభ్యర్థి ఆ సభకు వెళ్ళకపోవడమే మేలు.

ఎక్కడ కోత వేయాలన్నదీ స్వేచ్ఛగా ఎంచుకోలేకపోయేవారు. 2019 నుంచి 2023 మధ్య 20,000 మంది పోలీసులను, అక్కడి మాటలో అధికారులను, పెంచాక, ఆ సంఖ్య నిలబెట్టుకుంటేనే గ్రాంటులో కొంత భాగం ఇస్తామని షరతు పెట్టారు. అధికారుల సంఖ్య తగ్గించలేనప్పుడు కోత పడేది కాల్ సెంటర్ సిబ్బంది మీద, వీధుల్లో తిరిగే సపోర్ట్ ఆఫీసర్ల మీద. చివరికి అధికారులే కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తాల్సి వచ్చేది. ప్రాంతాల మధ్య తేడా కూడా పెద్దదే. సర్రేలో పోలీసు బడ్జెట్‌లో సగానికి పైగా స్థానిక పన్ను నుంచే వస్తుంది. నార్తంబ్రియాలో ఇళ్ళ విలువ తక్కువ, పన్ను వాటా ఐదో వంతు చుట్టూ ఉంటుంది, కేంద్రం గ్రాంటు తగ్గిస్తే వాళ్ళకే ఎక్కువ తగులుతుంది.

అందరూ పెద్ద అధికారం అనుకునేది చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించడం, తీసేయడం. నియామకం సాఫీగానే సాగుతుంది. ప్యానెల్ బహిరంగంగా విచారించి సరేనంటుంది. తీసేయడంలోనే కమిషనర్ల రాజకీయ జీవితాలు చిక్కుకున్నాయి. 2013 ఫిబ్రవరిలో లింకన్‌షైర్ కమిషనర్ అలన్ హార్డ్‌విక్ తన తాత్కాలిక చీఫ్ కానిస్టేబుల్ నీల్ రోడ్స్‌ను సస్పెండ్ చేశారు. మరుసటి నెలే హైకోర్టు కొట్టేసింది. సౌత్ యార్క్‌షైర్‌లో అలన్ బిల్లింగ్స్ 2016లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాట మరణాల మీద తీర్పు వచ్చిన మరునాడే చీఫ్ డేవిడ్ క్రాంప్టన్‌ను సస్పెండ్ చేసి, తర్వాత రాజీనామా చేయమన్నారు. పోలీసు తనిఖీ విభాగం అధిపతి టామ్ విన్సర్ అది తగదని రాసిచ్చినా వినలేదు. 2017లో హైకోర్టు ఆ నిర్ణయాలు చట్టవిరుద్ధమంది. రెండు చోట్లా లోపం ఒకటే. ప్రజల్లో ఆగ్రహం ఉన్నప్పుడు, పత్రికలు అడుగుతున్నప్పుడు, వెంటనే ఏదో చేయాలన్న ఒత్తిడిలో నిర్ణయం ముందు తీసుకుని కారణాలు తర్వాత వెతికారు.

చట్టం చెప్పే వరస ఇది. తనిఖీ విభాగం అధిపతి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. చీఫ్‌కు కారణాలు రాసివ్వాలి. ఆయన జవాబుకు సమయమిచ్చి, దాన్ని నిజంగా పరిశీలించాలి. ప్యానెల్‌కు తెలపాలి, వాళ్ళు ఆరు వారాల్లోపు సిఫార్సు చేస్తారు. ఆ సిఫార్సు కమిషనర్‌ను కట్టడి చేయదు. కానీ తోసిపుచ్చితే ఎందుకో కాగితం మీద ఉండాలి, కోర్టు చూసేది ఆ కాగితాన్నే. మన దగ్గర 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు డీజీపీకీ, జిల్లా ఎస్పీకీ, స్టేషన్ అధికారికీ కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలన్నది కూడా ఈ భయంతోనే. రాజకీయ నాయకుడి కోపానికీ అధికారి కుర్చీకీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండాలి. అక్కడ ఆ అడ్డు ఈ వరసే.

కమిషనర్‌నే తొలగించాలంటే? ఇక్కడే ఈ పదవికి పెద్ద లోపం, నా దృష్టిలో దీన్ని నిజంగా దెబ్బతీసిందీ ఇదే. షాన్ రైట్ 2012లో సౌత్ యార్క్‌షైర్‌లో గెలిచారు. అంతకుముందు 2005 నుంచి 2010 దాకా రోథరమ్ కౌన్సిల్‌లో పిల్లల సంరక్షణ విభాగం ఆయన చేతిలో ఉండేది. 2014 ఆగస్టులో వచ్చిన నివేదిక ఆ పట్టణంలో సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని చెప్పింది. సొంత పార్టీతో సహా అందరూ దిగిపొమ్మన్నారు. ఆయన పార్టీని వదిలారు కానీ పదవిని వదల్లేదు. వెనక్కి పిలిచే నిబంధన లేదు. ప్యానెల్ సస్పెండ్ చేయాలంటే, రెండేళ్ళకు మించి శిక్షపడే నేరంలో ఆయన మీద అభియోగం నమోదై ఉండాలి. ఆయన మీద అలాంటిదేమీ లేదు. మూడు వారాల పాటు ఒత్తిడి వచ్చాక సెప్టెంబరు 16న ఆయనే రాజీనామా చేశారు. పిల్లలను కాపాడలేకపోయిన వ్యవస్థను అడగడానికి ఒక ఎన్నికైన మనిషిని పెట్టి, ఆ మనిషిని అడిగే మార్గం పెట్టకపోవడం చట్టం రాసినవాళ్ళ తప్పే. 2021లో నార్త్ యార్క్‌షైర్‌లోనూ కమిషనర్ ఫిలిప్ ఆలట్ మీద ప్యానెల్ ఏకగ్రీవంగా అవిశ్వాసం తెలిపింది. దానికి చట్టపరమైన బలం లేదు. అప్పుడూ ఆయనే రాజీనామా చేస్తేనే ముగిసింది.

రాజకీయంగా ఎదగడానికి పనికొచ్చిందా అంటే, కొందరికే. వేరా బేర్డ్ ఎంపీగా, మంత్రిగా ఓడిపోయాక నార్తంబ్రియాలో ఆరేళ్ళకు పైగా కమిషనర్‌గా చేసి, 2019లో జాతీయ బాధితుల కమిషనర్ అయ్యారు. టోనీ లాయిడ్ మాంచెస్టర్‌లో కమిషనర్‌గా, తాత్కాలిక మేయర్‌గా చేసి మళ్ళీ ఎంపీగా వెళ్ళారు. మీ తమ్ముడికి దగ్గరగా ఉండే దారి హర్‌ద్యాల్ ధిండ్సాది. డార్బీలో కౌన్సిలర్, తర్వాత డిప్యూటీ కమిషనర్, 2016లో డార్బీషైర్ కమిషనర్. 2021లో పార్టీ గాలి మారగానే ఓడిపోయారు. ఆ ఓటమిలో వ్యక్తిగత పనితీరు కంటే జాతీయ రాజకీయానిదే పెద్ద పాత్ర, చాలామంది విషయంలో అదే జరిగింది. జీతం తీసిపారేయదగ్గది కాదు. 2012లో బలగం పరిమాణాన్ని బట్టి 65,000 నుంచి 1,00,000 పౌండ్లుగా మొదలైంది. కానీ ఒక్క రాత్రిలో పోయే జీతం అది.

ఇప్పుడు మీ తమ్ముడు చేయాల్సింది. 2028 తర్వాత ఈ పని మేయర్ ఉన్నచోట మేయర్ నియమించే పోలీసింగ్ డిప్యూటీ చేతికి వస్తుంది. వెస్ట్ యార్క్‌షైర్‌లో అలిసన్ లో (Lowe), గ్రేటర్ మాంచెస్టర్‌లో కేట్ గ్రీన్ చేస్తున్నది అదే. ఎన్నిక కాదు, నియామకం. బోర్డు ఉన్నచోట కౌన్సిల్ నాయకత్వానికి వస్తుంది. రెండింటికీ పనికొచ్చే అనుభవం ఇప్పటి ప్యానెల్ సభ్యత్వం. ప్యానెల్‌కు పేర్లు ఖరారయ్యేది సాధారణంగా మే నెలలో కౌన్సిల్ వార్షిక సమావేశంలో, పార్టీల బలాబలాల లెక్కన. అప్పుడు అడిగితే ఆలస్యం, మార్చిలోనే తన గ్రూపు నాయకుడితో మాట్లాడాలి. సీటు దొరక్కపోయినా ఫిబ్రవరి మొదటివారంలో జరిగే ప్రిసెప్ట్ సమావేశానికి వెళ్ళి వెనక కూర్చోవచ్చు. కాగితాలు ఐదు పనిదినాల ముందే వెబ్‌సైట్‌లో పెడతారు. అందులో ముందు తెరవాల్సింది మధ్యకాలిక ఆర్థిక ప్రణాళిక: జీతాల పెంపు ఎంత శాతం అనుకున్నారు, రిజర్వు నిధులు ఏటా ఎంత కరుగుతున్నాయి, మూడో ఏట లోటు ఎంత. బాధిత సహాయ సంస్థలకు ఇచ్చే గ్రాంటులు ఏడాదికా, మూడేళ్ళకా అన్నదీ చూడాలి. ఏడాదికే ఇస్తుంటే, రేపిస్టుల బారిన పడినవాళ్ళకు సాయం చేసే సంస్థలు ప్రతి ఫిబ్రవరిలో తమ సిబ్బందికి ఉద్యోగం పోవచ్చని నోటీసులు ఇవ్వాల్సి వస్తుంది, పనిచేయడం తెలిసిన కౌన్సెలర్లు వెళ్ళిపోతారు. ప్యానెల్లో మొదటి ప్రశ్నగా అది అడగమనండి.